చదువుకొను బిడ్డల మనస్సు: కన్నవారు తెలిసికొనవలసిన విషయములు

ఏటేట జూన్ మాసమున, తొలకరి పడు వేళకు, ఉప్పల్ కూడలిలో ఒక దృశ్యము తప్పక కానవచ్చును. వరంగల్లు మార్గమున వచ్చిన బస్సులనుండి తల్లిదండ్రులు బిడ్డలతో దిగుదురు. ఒకరి చేత పరుపుచుట్ట, ఒకరి చేత బకెట్టు, ఒకరి చేత ఆవకాయ డబ్బా. ఆటో మాటలాడుకొని నాగోలు, నాచారము, హబ్సీగూడ ప్రాంతములలోని కళాశాలలకును, హాస్టళ్లకును పోవుదురు. సాయంకాలమునకు తల్లిదండ్రులు మాత్రమే తిరుగు బస్సెక్కుదురు. బిడ్డ అచ్చటనే యుండిపోవును.

నాగోలు మూసీ యొడ్డున నొకప్పుడు పల్లెటూరు. పరిసర పురపాలక సంఘములతో పాటు ఆ ప్రాంతము 2007లో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసిపోయినది. 2017 నవంబరులో నగరమున మెట్రో రైలు నడువసాగినప్పుడు ఆ తొలి మార్గమునకు ఒక కొన మియాపూరు, రెండవ కొన నాగోలు. నేడు అచ్చట పొలములున్న చోట్ల మేడలు లేచినవి. ఆ మేడలలో మన పల్లెల బిడ్డలనేకులు పదునాలుగు, పదునైదేండ్లకే ఇల్లు విడిచి వచ్చి చదువుకొనుచున్నారు. వారికి భోజనము సరిగా నున్నదా, జ్వరము వచ్చినదా యని తల్లిదండ్రులు ఫోనులో అడుగుదురు. ఎన్ని మార్కులు వచ్చినవని తప్పక అడుగుదురు. మనస్సు ఎట్లున్నదని అడుగువారు అరుదు. ఆ ప్రశ్న ఏల అడుగవలెనో, అడిగిన పిమ్మట ఏమి చేయవలెనో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఈ వయస్సుననే ఏల?

మనోవ్యాధులు ముదిమిలో వచ్చునవని పలువురు తలంతురు. నిజమునకు వానిలో అధిక భాగము ఇరువదియైదేండ్లు నిండక పూర్వమే తలయెత్తును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము పది మొదలు పందొమ్మిది సంవత్సరముల వయస్సు వారిలో ఏడుగురికొకరు ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నారు. మన దేశమున 2015-16లో బెంగుళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్ర సంస్థ జరిపిన జాతీయ సర్వేలో పదుమూడు మొదలు పదునేడేండ్ల పిల్లలలో నూటికి 7.3 మందికి అట్టి బాధ కలదని తేలినది. అనగా దేశము మొత్తము మీద సుమారు 98 లక్షల మంది. మహానగరములలో ఈ సంఖ్య పల్లెలకన్న దాదాపు రెండింతలుగా నుండుట గమనింపదగినది.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు కారణము సులభముగనే బోధపడును. మెదడు ఒక్కసారిగా ఎదుగదు. కోపము, భయము, సంతోషము పుట్టించు భాగములు ముందుగా బలపడును. ముందు వెనుకలు ఆలోచించి వానిని అదుపులో నుంచు భాగము, అనగా నుదుటి వెనుకనుండునది, ఇరువదియైదేండ్ల ప్రాయము వరకు ఎదుగుచునే యుండును. ఎడ్లు బలిసినవి గాని పగ్గము ఇంకను పేనుచున్నాము అనవచ్చును. ఆ నడిమి కాలముననే మనము బిడ్డపై పెద్ద పరీక్షల భారమును మోపుచున్నాము, ఇంటికి దూరము చేయుచున్నాము, తోటివారితో పోల్చుచున్నాము.

నిద్ర సంగతియు ఇట్టిదే. ఈ వయస్సు వారికి రాత్రికి ఎనిమిది మొదలు పది గంటల నిద్ర కావలెను. పైగా యౌవనారంభమున శరీరములోని గడియారము కొంత వెనుకకు జరుగును. కావున రాత్రి త్వరగా నిద్ర రాదు, తెల్లవారుజామున మెలకువ రాదు. రాత్రి పదకొండు వరకు చదివించి వేకువ నాలుగింటికి లేపినచో, వారమునకు ఎన్ని గంటల నిద్ర అప్పు పడునో తల్లిదండ్రులే లెక్క వేసికొనవచ్చును. నిద్ర చాలని మనస్సున పాఠము నిలువదు. చిన్న మాటకే కన్నీరు వచ్చును.

సోమరితనమా, వ్యాధియా?

ఒక ఉదాహరణము కల్పించి చెప్పెదము. భువనగిరి సమీపమున ఒక రైతు కుమారుడు. పదవ తరగతిలో ఊరికి మొదటివాడు. నాగోలులో నొక హాస్టలున చేరెను. దసరాకు ఇంటికి వచ్చినప్పుడు చిక్కియుండెను. స్నేహితులు పిలిచినను క్రికెట్టు ఆడుటకు పోలేదు. అన్నము సగము విడిచెను. రాత్రులు మేలుకొని, పగలు పండుకొనెను. తలనొప్పి, కడుపునొప్పి యనెను. డాక్టరు చూచి ఏమియు లేదనెను. "ఫోను పట్టుకొని చెడిపోయినాడు" అని తండ్రి కసరెను. "ఎవరి దిష్టియో తగిలినది" అని నాయనమ్మ తాయెత్తు కట్టించెను. ఎవరును తప్పుడు బుద్ధితో చేయలేదు. కాని వాని బాధకు పేరు కుంగుబాటు. అది జ్వరము వంటి వ్యాధియే.

దిగులు అందరికిని వచ్చును. తప్పిన పరీక్షకు, పోయిన స్నేహమునకు కొన్నాళ్లు బాధపడుట సహజము. అది ఎప్పుడు వ్యాధి యగును? దిగులుగాని, దేనియందును ఆసక్తి లేకుండుటగాని రెండు వారములకు పైగా దాదాపు ప్రతిదినము నిలిచి, నిద్ర, ఆకలి, చదువు, ఆట, మాట అన్నిటిని పట్టి పీడించినచో దానిని వ్యాధిగా నెంచి వైద్యుని చూడవలెను. పిల్లలలో దిగులు కంటె చిరాకు, కోపము ఎక్కువగా పైకి కానవచ్చును. మన పల్లెలలో మనోబాధ తలనొప్పిగను, గుండెదడగను, నీరసముగను బయటపడుటయు సామాన్యము.

కుంగుబాటు కాక మరికొన్ని కలవు. పరీక్ష పేరు వినగనే చెమటలు పట్టి ఊపిరి ఆడకుండుట ఆందోళన రోగ లక్షణము కావచ్చును. ఎవరును లేని చోట మాటలు వినబడుచున్నవనుట, అందరును తనపై కుట్ర చేయుచున్నారని గట్టిగా నమ్ముట తీవ్రమైన మనోవ్యాధికి గుర్తులు. ఇట్టివానికి ఆలస్యము చేసిన కొలది కోలుకొనుట కష్టమగును. ఇక బుద్ధిమాంద్యము వేరు. అది మనోవ్యాధి కాదు. అట్టి పిల్లల శిక్షణకై సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ కలదు. రెండింటిని ఒకటిగా తలచి బిడ్డను "పిచ్చివాడు" అనుట ఇరువురికిని అన్యాయము.

గోడలనుండి గుమ్మము వరకు

పూర్వము మనోవ్యాధిగ్రస్తులను చికిత్స చేయుటకన్న వేరుపరచి యుంచుటయే ముఖ్యముగా నుండెను. నిజాము కాలమున ఈ రాజ్యమునకు చెందిన పిచ్చాసుపత్రి జాల్నాలో నుండెను. 1953లో అది హైదరాబాదు నగరమున ఎర్రగడ్డకు తరలివచ్చినది. "ఎర్రగడ్డకు పంపవలెను" అను ఎగతాళి మాట మన భాషలో అప్పటినుండి నాటుకొన్నది. ఆ మాట ఎందరిని వైద్యమునకు దూరము చేసినదో చెప్పుట కష్టము. ఆ ఆసుపత్రి నేడు మానసిక ఆరోగ్య సంస్థ యను పేర నడచుచు, పడకలపై నుంచి చూచు రోగులకే కాక, ఉదయము వచ్చి మందులు తీసికొని పోవు వారికిని వైద్యము చేయుచున్నది.

1950వ దశకమున మనోవ్యాధులకు పని చేయు మందులు రాసాగిన పిమ్మట ప్రపంచమంతట ఈ మార్పు వచ్చినది. మన దేశమున 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమమును, 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమమును ప్రారంభించిరి. జిల్లా ఆసుపత్రిలోనే వైద్యము దొరకవలెనను ఉద్దేశముతో వీనిని ఏర్పరచిరి. 2014 జనవరిలో ప్రారంభమైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమము పది మొదలు పందొమ్మిదేండ్ల వారికి సంబంధించినది. అందు పోషకాహారము మొదలగు విషయములతో పాటు మానసిక ఆరోగ్యమునకును స్థానము కలదు.

అయినను కొరత తీరలేదు. జాతీయ సర్వేలో ఆయా వ్యాధులను బట్టి నూటికి డెబ్బదినుండి తొంబది వరకు రోగులు ఏ చికిత్సయు పొందుట లేదని తేలినది. వైద్యులు చాలకుండుట ఒక కారణము. సిగ్గు మరియొక కారణము.

మాటతో వైద్యము

మాటలాడిన మాత్రమున రోగమెట్లు కుదురునని కొందరడుగుదురు. మనశ్శాస్త్రజ్ఞులు చేయునది ఊరడింపు మాత్రము కాదు. దానికొక పద్ధతి కలదు. "నేను తప్పితిని, కావున నేను పనికిరాను, కావున చదువుట వ్యర్థము" అని బిడ్డ తలచును. తలంపు దిగులును పెంచును; దిగులు పనిని మాన్పించును; పని మానుటచే మార్కులు మరింత తగ్గి, తలంపు నిజమని తోచును. మోట బావి గిలక వలె ఇది తిరుగుచునే యుండును. 1960వ దశకమున అమెరికాలో ఏరన్ బెక్ అను వైద్యుడు ఈ చక్రమును ఎచ్చటనైన ఆపవచ్చునని చూపెను. ఆ తలంపును కాగితముపై వ్రాయించి, దానికి సాక్ష్యమెంత యని బిడ్డచేతనే విచారింప జేయుదురు. అంతతో పాటు దినమునకొక చిన్న పని, అనగా అరగంట నడక, ఒక స్నేహితునితో మాట, ఒక లెక్క, నియమముగా చేయింతురు. మనస్సు కుదిరిన పిమ్మట పని చేయుదమని కూర్చుండక, పని మొదలిడినచో మనస్సు వెనుకనే వచ్చునని దీని భావము. వారమునకొకసారి చొప్పున కొన్ని వారములు ఇట్లు సాగించినచో పలువురికి గుణము కానవచ్చును.

ఈ పనికి పెద్ద డాక్టరే కావలెనా? ఈ విషయమున ఇటీవలి కాలపు పరిశోధనలు మన పల్లెలకు ఎంతయు ఆశ కలిగించుచున్నవి. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా అను మనోవైద్యుడు 2006లో అవ్వలకు శిక్షణ నిచ్చి, ఆరోగ్య కేంద్రముల ఆవరణలలో బల్లలు వేయించి కూర్చుండబెట్టెను. బాధ గలవారు వచ్చి అవ్వ ప్రక్కన కూర్చుండి చెప్పుకొందురు. ఏ చిక్కును మొదట విప్పవలెనో ఆమె వారితోనే ఆలోచింపజేయును. మామూలు చికిత్స పొందిన వారికన్న వీరికి ఎక్కువ మేలు కలిగినదని 2016లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. మన రచ్చబండకు ఇది ఎంత దగ్గరగా నున్నదో పాఠకులే గ్రహింపగలరు.

మన దేశముననే బీహారు రాష్ట్రమున ఉన్నత పాఠశాలలలో జరిగిన మరియొక ప్రయోగమును 2018లో ప్రకటించిరి. కొన్ని పాఠశాలలలో శిక్షణ పొందిన సామాన్య కార్యకర్తలను, కొన్నిట ఉపాధ్యాయులను పిల్లల మంచిచెడ్డలు చూచుటకు నియమించిరి. కార్యకర్తలున్న చోట్ల పాఠశాల వాతావరణము మెరుగుపడి, పిల్లలలో కుంగుబాటు, బెదిరింపులు, కొట్లాటలు తగ్గినవి. ఉపాధ్యాయులకే ఆ పనిని అదనముగా నప్పగించిన చోట్ల అట్టి ఫలితము కానరాలేదు. పాఠము చెప్పి మార్కులు వేయువాని కడ బిడ్డ మనస్సు విప్పుట కష్టమని దీనివలన మేము తలంచుచున్నాము.

మందులను గూర్చి

వ్యాధి తీవ్రమైనచో మందు కావలెను. "ఆ మాత్రలు ఒకసారి మొదలిడినచో జన్మమంతయు మింగవలెను, మత్తుగా పడియుందురు" అను భయము పలువురికి కలదు. కుంగుబాటునకు వాడు మందులు సారా వలె అలవాటు పడునవి కావు. కాని అవి తలనొప్పి మాత్ర వలె పూటలో పని చేయవు. గుణము కానవచ్చుటకు రెండు మొదలు ఆరు వారములు పట్టును. ఈలోగా పని చేయలేదని మానివేయరాదు. గుణము కలిగినదని ఒక్కసారిగా మానుటయు తగదు. డాక్టరు చెప్పినట్లు క్రమముగా తగ్గింపవలెను. చిన్న వయస్సు వారికి మందు మొదలిడిన తొలి వారములలో ఇంటివారు వెంటనుండి జాగ్రత్తగా గమనింపవలెను. ఏ మార్పు కనిపించినను డాక్టరునకు తెలుపవలెను. మందుల దుకాణమున అడిగి నిద్రమాత్రలు కొని ఇచ్చుట మిక్కిలి ప్రమాదకరము.

దేవుని మ్రొక్కు మ్రొక్కవద్దని మేము చెప్పము. గుడికి పోయినచో ధైర్యము కలుగును. గుడికి పోయి ఆసుపత్రికిని పొండు. రోగిని గొలుసులతో కట్టివేయుట మాత్రము ఏ దేవుని పేరనైనను కూడదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టబడియుండిన 28 మంది మనోవ్యాధిగ్రస్తులు అగ్నిప్రమాదమున మరణించిరి. దేశము ఆ దినమును మరువలేదు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య రక్షణ చట్టము 2018నుండి అమలులో నున్నది. ప్రభుత్వము నడపు చోట్ల మానసిక వైద్యము పొందుట ప్రతివాని హక్కని అది చెప్పుచున్నది. దారిద్ర్య రేఖకు దిగువనున్న వారికి అట్టి వైద్యము ఉచితము. రోగి వివరములు రహస్యముగా నుంచవలెను. గొలుసులు వేయరాదు. మైనరు బిడ్డను తప్పనిసరియైననే ఆసుపత్రిలో చేర్చుకొనవలెను. పెద్దలతో కలుపక వేరుగా నుంచవలెను. తల్లియో తండ్రియో, వారి పక్షమున నొకరో వెంట నుండవలెను. ఆరోగ్య బీమా సంస్థలు శరీర వ్యాధులకు వలెనే మనోవ్యాధులకును బీమా కల్పింపవలెను. ప్రాణము తీసికొన ప్రయత్నించిన వానిని నేరస్థునిగా గాక, తీవ్రమైన ఒత్తిడికి లోనైన వానిగా నెంచి వైద్యము చేయింపవలెనని కూడ ఆ చట్టము ఆదేశించినది.

చదువుల విషయమున తెలుగు నాట మనము చూచిన దుఃఖము తక్కువ కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు విడిచిరి. ఫలితములలో పొరపాట్లు జరిగినవని ఆందోళన చెలరేగగా, ప్రభుత్వము త్రిసభ్య సంఘమును నియమించి, తప్పినవారందరి జవాబు పత్రములను రుసుము లేకయే మరల పరిశీలింపజేసెను. అట్టి మరణములకు ఒక్క పరీక్షయే కారణమనుట సరికాదు. పలు బాధలు కలిసి ఒక దినమున బరువగును. కాని ఆ బరువును ముందుగా గుర్తించి దింపవచ్చును.

విశాఖపట్నమున వైద్య ప్రవేశ పరీక్షకు చదువుచుండిన ఒక విద్యార్థిని మరణమునకు సంబంధించిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికి వర్తించు మార్గదర్శకములు వెలువరించినది. నూరుగురు, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత గల సలహాదారు ఒకరైన నుండవలెను. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు తరగతులుగా విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు. బోధకులకు, సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ నీయవలెను. సహాయపు ఫోను నంబర్లను హాస్టళ్లలో, తరగతి గదులలో అందరికి కనబడునట్లు వ్రాసి పెట్టవలెను. కావున జూన్ మాసమున బిడ్డను చేర్పించునప్పుడు ఫీజు ఎంత యని అడిగిన నోటితోనే, "ఇచ్చట సలహాదారు ఎవరు? ఏ గదిలో నుందురు?" అని అడుగుడు. అడుగుట మీ హక్కు.

ఎచ్చటికి పోవలెను?

మొదట మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోని డాక్టరును గాని అడుగుడు. వారు జిల్లా ఆసుపత్రికి దారి చూపుదురు. 2022 అక్టోబరు 10వ తేదీన, అనగా ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, కేంద్ర ప్రభుత్వము టెలి మానస్ అను ఫోను సేవను ప్రారంభించినది. నంబరు 14416. ఇరువదినాలుగు గంటలు పని చేయును, ఖర్చు లేదు, తెలుగులో మాటలాడవచ్చును, బిడ్డయే చేయవచ్చును, తల్లిదండ్రులును చేయవచ్చును.

నాగోలు, ఉప్పల్ ప్రాంతమున చదువుకొను వారికి ఎర్రగడ్డ ఆసుపత్రి దూరమని తోచనక్కరలేదు. నాగోలులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, మియాపూరు వైపు పోవు రైలులో మూడవ స్టేషనున దిగినచో అది ఎర్రగడ్డయే. పగటి పూట పోయి చూపించుకొని రావచ్చును. వెంట నొకరు పోవుట మేలు.

బిడ్డతో మాటలాడునప్పుడు కొన్ని సంగతులు జ్ఞప్తియందుంచుకొనవలెను. మొదట వినుడు, బోధ తరువాత చేయవచ్చును. "నీకేమి తక్కువ చేసితిమి?" అని అనకుడు. పక్కింటి పిల్లవానితో పోల్చకుడు. "బ్రతుకుటెందుకు" అని బిడ్డ అన్నచో దానిని బెదిరింపుగా త్రోసివేయకుడు. "చనిపోవలెనని తోచుచున్నదా?" అని మెల్లగా, సూటిగా అడుగుడు. అట్లు అడిగినందున ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. మనస్సులోని బరువు కొంత తగ్గును. అవునన్నచో ఒంటరిగా విడువక, పురుగుమందులు మొదలైనవి ఇంటిలో అందకుండ తాళము వేసి, వెంటనే ఆసుపత్రికి తీసికొని పొండు, లేదా 14416కు ఫోను చేయుడు. హాస్టలులో నున్నచో ఆ రాత్రియే బయలుదేరుడు. ఒక దినపు కూలి పోయినను, ఒక పరీక్ష తప్పినను మరల వచ్చును.

మేము కల్పించి చెప్పిన భువనగిరి బాలుని కథను ముగింపకయే విడిచితిమి. దాని ముగింపు ఆ యింటివారి చేతులలో నున్నది. తండ్రి ఆ దసరా సెలవులలోనే వానిని డాక్టరుకు చూపినచో, కొన్ని మాసములలో వాడు మరల క్రికెట్టు బ్యాటు పట్టి వీధిలోనికి పోవుటకు మంచి అవకాశము కలదు. పైరున తెగులు కానవచ్చినప్పుడు రైతు దానిని తిట్టడు. ఆకు తిప్పి చూచును, తెలిసినవారిని అడుగును, కాలము మించకముందే మందు వేయును. ఈ జూన్‌లో బిడ్డను నాగోలులో దించి వచ్చు ప్రతి తల్లియు, తండ్రియు ఆదివారము ఫోనులో మార్కులను గూర్చి అడుగుటకు ముందు, "నీ మనస్సెట్లున్నది, నాయనా? రాత్రి నిద్ర పట్టుచున్నదా, తల్లీ?" అని అడిగి, చెప్పినదంతయు విని, అటు పిమ్మట తక్కిన సంగతులు మాటలాడవలెనని మా మనవి.